ఉపాధ్యాయులకు విద్యారుణ మాఫీ ఉందా?

కంచరపాలెం: ఉపాధ్యాయ ఉద్యోగం వస్తే బీఈడీ చదువుకై తీసుకున్న రుణాన్ని ప్రభుత్వం మాఫీ చేస్తుందన్న నమ్మకంతో బ్యాంకు పత్రాలపై సంతకం చేయరాదు. అటువంటి పథకం మన రాష్ట్రంలో లేదు. అది అమెరికా సంగతి. అక్కడ పేద పిల్లలు అధికంగా ఉండే బడిలో వరుసగా ఐదేళ్లు బోధిస్తే సమాఖ్య ప్రభుత్వ రుణంలో 5,000 డాలర్ల వరకు, హైస్కూలు గణిత, సైన్సు ఉపాధ్యాయులకైతే 17,500 డాలర్ల వరకు రద్దవుతుంది. విద్యార్థి వీసాపై వెళ్లిన మనవారికి ఆ రుణమే దక్కదు, ఇక మాఫీ ఊసెక్కడ?

ఇక్కడున్నది వడ్డీ రాయితీ. కేంద్రం 2009లో ప్రారంభించిన పథకం కింద, కుటుంబ వార్షికాదాయం 4.5 లక్షల రూపాయలు మించనివారికి వృత్తివిద్యా కోర్సు కాలానికీ, ఆపై ఏడాదికీ వడ్డీని ప్రభుత్వం భరిస్తుంది. కళాశాల ఆ పథకానికి అర్హమైనదో కాదో ముందే విచారించాలి. అసలు మాత్రం విద్యార్థే చెల్లించాలి.

చిక్కంతా ఆ ఏడాది గడువుతోనే. 2018 డీఎస్సీ ప్రకటన తరువాత, 2024 ఫిబ్రవరిలో వెలువడిన 6,100 పోస్టుల ప్రకటన రద్దయి, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ 2025లో గానీ రాలేదు. 2021లో బీఈడీ ముగించినవారికి 2022లోనే వాయిదాల గడువు వచ్చిపడింది. ప్రైవేటు బడి జీతంలో నుంచి మూడేళ్లు వాయిదాలు కట్టిన తరువాతే వారు ఆ పరీక్ష రాయగలిగారు.