మా బావగారి గుమ్మానికి నా తాళం

బావమరిది బతక కోరతాడని మన పెద్దవాళ్ళు వూరికే అనలేదు. మా బావగారి ఇల్లు, సామాను, కుక్క అన్నీ క్షేమంగా వుండాలని కోరబట్టే, ఆయన్ని తెల్లవారుజామున నాలుగున్నర నుంచి దాదాపు ఏడు గంటలదాకా సొంత ఇంటి మెట్లమీద కూచోబెట్టాను. ఈ సంగతి మా చుట్టాలలో ఇప్పటికే ఎవరికి తోచినట్టు వారు చెప్పుకుంటున్నారు. నా నోటితో నేను చెప్పుకుంటే కాస్త నిజమైనా మిగులుతుందని రాస్తున్నాను.

మాది తెనాలి. అక్కయ్యావాళ్ళది బెజవాడలో సత్యనారాయణపురం. పాతకాలపు డాబా, వీధివైపు ఒక తలుపు, పెరటివైపు ఒక తలుపు. మొన్న మాఘమాసంలో అక్కయ్య, బావగారు, ఆయన తల్లిగారు తిరుపతి ప్రయాణమయ్యారు. రైలు టిక్కెట్లు, దర్శనం టిక్కెట్లు అన్నీ సిద్ధం. చిక్కల్లా జాకీతోనే వచ్చింది.

జాకీ గొప్ప జాతికుక్క కాదు. ఆరేళ్ళ క్రితం వానలో తడుస్తూ గుమ్మంలోకి వచ్చి, మళ్ళీ పోలేదు. ఒకసారి డబ్బు తీసుకుని కుక్కల్ని చూసేచోట దాన్ని వదిలి వెళితే, వీళ్ళు తిరిగివచ్చేదాకా గిన్నెలో మూతి పెట్టలేదట. అప్పటినుంచి అక్కయ్య దాన్ని ఎక్కడా వదలనంటుంది. నేను రిటైరయి ఏడాది అయింది గనక, ఎవరికి ఏ పని పడ్డా నేను ఖాళీగానే వుంటానని మా వాళ్ళందరికీ గట్టి నమ్మకం. ఆ విధంగా జాకీ నా వాటాకి వచ్చింది.

అక్కయ్య రెండు పేజీల జాబితా రాసి ఫ్రిజ్‌మీద అంటించింది. పెరుగన్నం ఎప్పుడు, మంచినీళ్ళు ఎప్పుడు, వీధిలోకి ఎప్పుడు తిప్పాలి అన్నీ వున్నాయి. పెట్టకూడనివి వేరే వరస: ఉల్లిపాయ, వెల్లుల్లి, చాకొలెట్టు, ద్రాక్ష, కిస్‌మిస్. మనం పిల్లల చేతుల్లో మురిపెంగా పోసే కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను పాడుచేస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. జాబితా చివర, ‘‘దాన్ని విసుక్కోకు’’ అని రాసి కింద గీత కూడా గీసింది.

మొదటిరోజు జాకీ వీధి తలుపు దగ్గర పడుకుని నావంక చూడనైనా చూడలేదు. అన్నం అలాగే వుండిపోయింది. రెండోరోజు రాత్రి ఎప్పుడో మెలకువ వచ్చి చూద్దును గదా, నా మంచం పక్కనే చాపమీద ముడుచుకుని వుంది. కాలు కింద పెడితే తోక ఆడించింది. నా వయసులో ఒకరి నమ్మకాన్ని కొత్తగా సంపాదించుకోవడం చిన్న సంగతి కాదు. అక్కడినుంచి నాకు బాధ్యత మరీ ఎక్కువైపోయింది. అసలు కొంప మునిగింది అందువల్లనే.

మూడోరోజు పొద్దున పాలవాడు, పక్కవీధిలో దొంగలు పడ్డారని చెప్పాడు. నాకు వెంటనే పెరటితలుపు మీదికి దృష్టి పోయింది. దానికి బావగారు వేసే తాళాన్ని తాళం అనడం కేవలం మర్యాదకోసం. తలపిన్నుకి కూడా లొంగేటట్టుంది. ఆ రాత్రికి నేను తెనాలి వెళ్ళిపోవాలి. మర్నాడు పొద్దున్నే మా ఆవిడను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. వాళ్ళు దిగేది తెల్లవారుజామున. ఈ మధ్యలో ఇంటికి, జాకీకి దిక్కు ఎవరు? బజారుకి వెళ్ళి అలీగఢ్ తాళం ఒకటి కొన్నాను.

కొట్టువాడు దాన్ని చేతిలో పెట్టి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాడు. లోపల ఎనిమిది ఇత్తడి రేకులుంటాయి, వాటిని లీవర్లంటారు. సరైన తాళంచెవి పెట్టి తిప్పితే ప్రతి రేకూ తనకు ఏర్పరచినంత ఎత్తుకే లేస్తుంది. అన్నిటి గళ్ళూ ఒక వరసకి వచ్చినప్పుడే గడియ వెనక్కి జరుగుతుంది. ఒక్క రేకు వెంట్రుకవాసి పైకి లేచినా, కిందికి వున్నా కదలదు. ఈ ఏర్పాటు కొత్తది కాదు. ఇంగ్లండులో బారన్ అనే ఆయన 1778లోనే దీనికి పేటెంటు తీసుకున్నాడు. 1851లో లండన్ మహాప్రదర్శనకు వచ్చిన హాబ్స్ అనే అమెరికావాడు, ఎవరి తరమూ కాదని పేరుపడ్డ ఛబ్ కంపెనీ తాళాన్ని అరగంట లోపే తెరిచి చూపించాడని ఎక్కడో చదివాను. అయితే హాబ్స్ వంటివాడు సత్యనారాయణపురం రాడు గదా అని ధైర్యం చెప్పుకున్నాను.

రాత్రి ఎనిమిదింటికి జాకీని తిప్పి తీసుకువచ్చి, అన్నం పెట్టి, నీళ్ళు నింపి, వరండాలో దీపం వేశాను. వీధి తలుపుకి లోపలివైపు పైగడియా, కిందిగడియా రెండూ బిగించాను. పెరటి తలుపునుంచి బయటికి వచ్చి, గొళ్ళెం పెట్టి, నా కొత్త తాళం వేసి, నాలుగుసార్లు లాగి చూసుకున్నాను. తాళంచెవి జేబులో వేసుకుని ఆఖరి బండికి తెనాలి చేరాను. ఆ రాత్రి నాకు పట్టినంత సుఖమైన నిద్ర ఈ మధ్య ఎన్నడూ పట్టలేదు. ఫోను పక్కగదిలో చార్జింగుకి పెట్టి, చప్పుడు రాకుండా నొక్కాను కూడా.

చదివేవారికి ఈపాటికి సంగతి తెలిసిపోయే వుంటుంది. నాకు మాత్రం తెల్లవారేదాకా తెలియలేదు.

తర్వాతి కథ అక్కయ్య చెప్పింది. నాలుగున్నరకి ఆటో దిగారు. బావగారు తన తాళంచెవి పెట్టి తిప్పారు. టక్కుమంది. కాని తలుపు మాత్రం కదల్లేదు. లోపల గడియ వేసుకుని నేను పడుకున్నాననుకుని మెల్లగా తట్టారు. తర్వాత గట్టిగా బాదారు. జాకీ లోపలినుంచి మొరిగి మొరిగి, చివరికి ఏడుపులాటి కూత మొదలుపెట్టింది. నా ఫోను మోగుతూనే వుంది, జవాబు లేదు.

తలుపు లోపల గడియ, మనిషి పలకడు, కుక్క ఏడుస్తోంది. అప్పుడు మెట్లమీద నుంచున్న ముగ్గురికీ ఒకే ఆలోచన వచ్చింది. ముగ్గురూ పైకి అనలేదు. రెండేళ్ళ కిందట నాకు గుండెకి స్టెంటు వేశారు. అక్కయ్య తలుపుకి నుదురు ఆనించి ‘‘తమ్ముడూ! తమ్ముడూ!’’ అని పిలుస్తూ వుండిపోయిందట. అత్తయ్యగారు, ‘‘కుక్కకోసం పిల్లవాణ్ణి ఒంటరిగా వదిలిపోయామే!’’ అని సంచి మీద కూలబడి ఏడ్చారట. నాకు అరవైరెండేళ్ళు. ఆవిడకి నేను ఇంకా పిల్లవాణ్ణే.

బావగారు పక్కింటి గోడ ఎక్కి పెరట్లోకి దిగి, ఫోను వెలుతురులో చూస్తే తలుపుకి బయటివైపు మెరిసిపోతూ తాళం! ‘‘బతికే వున్నాడే!’’ అని అక్కడినుంచే కేకవేశారట. మరు నిమిషంలో, ‘‘వీణ్ణి నేనే చంపుతాను’’ అన్నారట. రెండు మాటల్లోనూ అబద్ధమేమీ లేదు.

ప్రాణభయం తీరాక అసలు కష్టం మొదలైంది. అత్తయ్యగారికి చక్కెర వ్యాధి. పొద్దున ఇన్సులిన్ సూది వేసుకోనిదే ఏమీ తినకూడదు. వెంట తీసుకెళ్ళిన మందు ముందురోజుతో సరి. కొత్త సీసా ఫ్రిజ్‌లో వుంది, ఫ్రిజ్ నా తాళం వెనక వుంది. మందుల దుకాణాలు ఇంకా తెరవలేదు. మంచులో డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి శాలువా కప్పుకుని మెట్లమీద కూచున్నారు. మా ఆవిడకు వెంటనే ఎందుకు ఫోను చెయ్యలేదే అని నేను తర్వాత అడిగాను. ‘‘చీకటుండగా ఫోను మోగితే మరదలు హడలిపోదూ?’’ అంది అక్కయ్య. కొంప మూసి నేను నిద్రపోతుంటే, మా ఇంట్లో ఒకరు హడలిపోతారని ఆవిడ అయిదున్నరదాకా ఆగింది!

మా ఆవిడ నన్ను తట్టి లేపి, ‘‘మీ అక్కయ్య వీధిలో వుందట’’ అంది. నా చొక్కా జేబు తడుముకున్నాను. తాళంచెవి చల్లగా తగిలింది. ఒళ్ళంతా అంతకన్నా చల్లబడింది.

ఎదురింటి కుర్రవాడి మోటారుసైకిలు వెనక కూచున్నాను. దుగ్గిరాల ఎప్పుడు దాటామో తెలియదు. ప్రకాశం బ్యారేజి మీదికి వచ్చేసరికి తూర్పున ఎర్రబడుతోంది. కృష్ణమ్మకి దండం పెట్టాను గాని, ఏం కోరాలో తోచలేదు.

నేను చేరేసరికి పెరటితలుపు బార్లా తెరిచి వుంది. పక్కింటివారు తాళాలు బాగుచేసే ముసలాయన ఒకణ్ణి లేపి తీసుకొచ్చారు. ఆయన నా తాళాన్ని అటూ ఇటూ తిప్పి, ‘‘అసలు సిసలు సరుకు బాబూ, కొన్నవారికి బాగా తెలుసు’’ అని మెచ్చుకున్నాడట. దాన్ని కొయ్యాలంటే గంట పని అన్నాడట. తర్వాత తలుపువంక చూసి, సంచిలోంచి స్క్రూడ్రైవరు తీసి, గొళ్ళేన్ని చెక్కకి బిగించిన నాలుగు స్క్రూలూ వూడదీశాడు. రెండు నిమిషాలు. తాళం జోలికే పోలేదు. హాబ్స్‌కి కూడా ఈ దారి తోచినట్టు లేదు.

జాకీ నామీదికి ఉరికి చేతులు నాకింది. దానికి నామీద ఏ ఫిర్యాదూ లేదు. అక్కయ్య నన్ను చూసి, ‘‘నువ్వు లోపల... నేననుకున్నానురా...’’ అని ఆగిపోయి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఎన్నో మాటలు పడటానికి సిద్ధపడి వచ్చాను గాని, దీనికి సిద్ధపడలేదు. బావగారు వూడిన గొళ్ళెంతోసహా తాళం నా చేతిలో పెట్టారు. ఏం చెయ్యాలో తెలియక తాళంచెవి పెట్టి తిప్పాను. వెన్నలా తెరుచుకుంది.

‘‘బ్రహ్మాండంగా పనిచేస్తోందోయ్’’ అన్నారు బావగారు.

అత్తయ్యగారు సూది వేసుకుని ఇడ్లీ తింటూ, ‘‘నువ్వేమైనా తిన్నావా నాయనా?’’ అని అడిగి, లడ్డూ ప్రసాదం తెమ్మని చెప్పారు. జాకీ ఆశగా మోర ఎత్తింది. లడ్డూలో కిస్‌మిస్ కనబడగానే నేను చెయ్యి పైకెత్తేశాను. జాబితా నాకింకా కంఠతా వచ్చు.

ఇప్పుడు ఆ తలుపుకి కొత్త గొళ్ళెం పెట్టించారు. బోల్టులు చెక్కలోంచి అవతలికి వెళ్ళి, నట్లు లోపలివైపు బిగిసివున్నాయి. తాళం నాదే. తాళంచెవులు రెండు. ఒకటి బావగారి దగ్గర, రెండోది పక్కింటివారి పోపులపెట్టెలో వున్నాయి. నా దగ్గర ఒకటి వుంచమని నేనూ అడగలేదు, వాళ్ళూ ఇవ్వలేదు.