సింకు చుట్టూ సిలికాన్ నల్లబడిందా?

వంటింటి గట్టుకీ సింకుకీ మధ్య సందులో రబ్బరులాంటి పట్టీ కనిపిస్తుంది కదా! అదే సిలికాన్. నీళ్ళు కిందికి దిగకుండా ఆపేది అదే. కొన్నేళ్ళకి అది నల్లబడి, అంచులు లేచిపోతుంది. ఆ సందులోంచి నీళ్ళు దిగితే కింద అల్మరా చెక్క ఉబ్బుతుంది, వాసన పడుతుంది, బొద్దింకలు చేరతాయి.

చాలామంది పాతదాని మీదే కొత్త సిలికాన్ పూయించేస్తారు. అది డబ్బు దండగ! ఎండిన సిలికాన్‌కి కొత్తది సరిగా అంటుకోదు. నాలుగు రోజులకే ఊడి వస్తుంది. కనుక ముందు పాతది పూర్తిగా తీసేయాలి.

తీయడం ఇలా

● పట్టీకి పై అంచున, కింది అంచున బ్లేడు కత్తితో గీత పెట్టండి. ఒక కొస పట్టుకుని మెల్లగా లాగితే చాలావరకు పొడుగ్గా ఊడి వస్తుంది.

● మిగిలింది టైల్స్ మీదయితే బ్లేడుని ఏటవాలుగా పట్టి గీకండి. స్టీలు సింకు మీద బ్లేడు వాడితే గీతలు పడతాయి. అక్కడ పాత ప్లాస్టిక్ కార్డు చాలు.

● జిడ్డులాంటి పొర ఉండిపోతే ఎసిటోన్ ఉన్న నెయిల్ పాలిష్ రిమూవర్‌ని గుడ్డకి అద్ది తుడవండి. ప్లాస్టిక్ మీదా, రంగు వేసిన చోటా వాడకండి. కరిగిపోతాయి.

● తర్వాత సబ్బునీళ్ళతో కడిగి, ఒక రాత్రంతా ఆరనివ్వండి.

సింకుని గట్టు అడుగు నుంచి బిగించి ఉంటే, ఆ అడుగు సిలికాన్ జోలికి పోకండి. సింకు దాని ఆధారంతోనే నిలిచి ఉండొచ్చు. ఆ పని ప్లంబరుకి వదిలేయండి.

జాగ్రత్త సుమా!

రిమూవర్ ఇట్టే అంటుకుంటుంది. పొయ్యి, దీపం, అగరొత్తి అన్నీ ఆర్పి, కిటికీలు తెరిచాకే సీసా మూత తీయండి.

నలుపు పోతుందని బ్లీచింగ్ పౌడర్‌లో బాత్రూం యాసిడ్ గానీ, వెనిగర్ గానీ, ఈ రిమూవర్ గానీ ఎన్నడూ కలపకండి. విషవాయువులు పుడతాయి.

కొత్తది కొనేటప్పుడు

పులుపు వాసన వచ్చే సిలికాన్ పాలరాయిని పాడుచేస్తుంది. రాతి గట్టుకి 'న్యూట్రల్' రకం అడగండి. తడి తగిలే చోటు కాబట్టి బూజు పట్టని రకమైతే మరీ మంచిది. పూశాక ఒక రోజంతా నీళ్ళు తగలనివ్వకండి. రాత్రి గిన్నెలన్నీ కడిగేసి పని పెట్టుకుంటే, ఆ ఒక్క రోజూ బాత్రూం కుళాయితో గడిచిపోతుంది!