ఉదయగిరి చుట్టాలు, మైపాడు సముద్రం

పిల్లలూ! ఆత్మకూరు బడిలో నాతో ఒకే బల్లమీద కూర్చుని చదువుకున్న స్నేహితురాలు, మొన్న వేసవిలో ఉదయగిరి నుంచి భర్తనూ, ఇద్దరు పిల్లలనూ వెంటబెట్టుకుని నెల్లూరులో మా ఇంటికి వచ్చింది. శని, ఆదివారాలు మకాం. చేతిలో ఉదయగిరి చెక్క గరిటెలు!

1514లో శ్రీకృష్ణదేవరాయలు పట్టుకున్న కొండకోటను ఆ పిల్లలు రోజూ చూస్తారు. సముద్రాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు. అందుకని మైపాడుకు తీసుకువెళ్ళాం.

పెద్దపిల్ల మోకాటి లోతుకు దిగిందో లేదో, వెనక్కుపోయే అల కాళ్ళకింది ఇసుకను లాగేసింది. పిల్ల పడిపోయింది! నా స్నేహితురాలు కట్టుచీరతోనే ఉరికి జడ పట్టుకుని లాగింది. చాలాసేపు మాకెవరికీ మాట రాలేదు.

చిన్నవాడు దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు.

“ఇన్ని నీళ్ళుండీ తాగటానికి పనికిరావా, పిన్నీ?” అన్నాడు. మెట్టప్రాంతం పిల్లవాడు మరి! బిందెడు నీళ్ళ విలువ వాడికి తెలుసు.

ఎందుకు పనికిరావు? లీటరు సముద్రపు నీటిలో సుమారు 35 గ్రాముల ఉప్పు వుంటుంది. దాన్ని బయటికి పంపటానికి మన మూత్రపిండాలకు, తాగినదానికంటె ఎక్కువ నీరు కావాలి. అందుచేత తాగినకొద్దీ దాహం పెరుగుతుంది. ఆ ఉప్పులో చాలా భాగం రాళ్ళలోనిదే. వాననీరు దాన్ని కొద్దికొద్దిగా కరిగించి నదుల్లో చేరుస్తుంది. సోమశిల దాటి వచ్చే మన పెన్న కూడా కోట్ల యేళ్ళ ఆ పనిలో పాలుపంచుకున్నదే. సముద్రంలో నీరు ఆవిరై మబ్బవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది.

వెళ్ళేటప్పుడు వాడు సీసానిండా సముద్రపు నీళ్ళు పట్టుకుపోయాడు. పళ్ళెంలో పోసి ఎండబెట్టి, బడిలో అందరికీ ఉప్పు చూపిస్తాడట!