లూతావిషము – శాస్త్రమర్యాద, ప్రథమోపచారము

గుంటూరు, ప్రకాశము మండలముల నల్లరేగడి చేలలో పత్తి తీతకును మిరప కోతకును పోవువారి నోట “పురుగు ముట్టినది” అను మాట తరచుగ వినబడును. ఈ మాటకు అర్థవ్యాప్తి మిక్కిలి విస్తృతము. పాము పేరు పలుకుటకు జంకి దానిని పురుగు అనుట పల్లెలలో పరిపాటి. తేలు కుట్టినను, జెఱ్ఱి కరచినను, సాలెపురుగు ముట్టినను ఇదే మాట. వ్యవహారమున ఈ అస్పష్టత ఇంపుగానే యుండవచ్చును గాని చికిత్సలో ప్రాణాంతకము కాగలదు. కావున లూతావిషమును గూర్చి ప్రాచీన వైద్యగ్రంథములు చెప్పినదేమి, నేటి వైద్యము అంగీకరించినదేమి, వైద్యుడు అందుబాటులో లేని వేళ చేయదగినదేమి అను మూడు విషయములు ఈ వ్యాసమున విచారింపబడుచున్నవి.

మొదట శబ్దవిచారము. అమరకోశము ద్వితీయకాండమందలి సింహాదివర్గమున లూతా, తంతువాయ, ఊర్ణనాభ, మర్కటక శబ్దములు పర్యాయములుగ పఠింపబడినవి. తంతువాయుడనగా నేతగాడు. తెలుగున సాలెపురుగు, సాలీడు అను పదములందును నేతపని చేయు సాలె శబ్దమే కలదు. చెలది యను ప్రాచీన పదమును కావ్యపాఠకులెరుగుదురు. శ్రీకాళహస్తి నామమున ‘శ్రీ’ యనునది శివుని సేవించిన సాలెపురుగే. ముండకోపనిషత్తు సృష్టిక్రమమునకు ఊర్ణనాభమును దృష్టాంతముగ గైకొన్నది. ఇట్లు ఒక చోట భక్తురాలుగను, ఒక చోట బ్రహ్మమునకు ఉపమానముగను నిలిచిన ప్రాణి వైద్యగ్రంథములలో మాత్రము భయహేతువైనది.

సుశ్రుతసంహిత కల్పస్థానమందలి ఎనిమిదవ అధ్యాయము కీటకల్పము. లూతోత్పత్తి కథ అందు కలదు. విశ్వామిత్రుడు కామధేనువును హరింపబూనగా కుపితుడైన వసిష్ఠుని నుదుటి చెమట బిందువులు, గోవునకై కోసియుంచిన గడ్డిపై పడి లూతలైనవట. కోయబడిన దానికి లూనమని పేరు. అందుండి లూతా శబ్దమని ఆ నిర్వచనము. లూతలు పదునారు. వానిలో ఎనిమిది కృచ్ఛ్రసాధ్యములు, ఎనిమిది అసాధ్యములు. లాల, నఖము, మూత్రము, దంష్ట్ర, రజస్సు, పురీషము, శుక్రము అను ఏడు మార్గములలో విషము వెలువడునని చెప్పబడినది. వాగ్భటుడు అష్టాంగహృదయము ఉత్తరస్థానమున లూతల సంఖ్యపై మతభేదములను ప్రస్తావించెను. నాటికే ఈ విషయమున ఏకాభిప్రాయము లేదని దీనివలన తేలుచున్నది.

సుశ్రుతుని దినక్రమ వర్ణన గమనింపదగినది. మొదటి దినమున కొద్ది దురదయు, స్పష్టముగాని వర్ణమును, రెండవ దినమున అంచులు ఉబ్బి నడుమ పల్లమగుట, మూడవ దినమున కాటు స్వభావము వ్యక్తమగుట, పిమ్మట క్రమవృద్ధి. తీక్ష్ణవిషమైనచో ఏడు దినములలో, మందవిషమైనచో పక్షము లోపల ప్రాణహాని యని నిర్ణయము. అప్పుడే మొలచిన అంకురమును చూచి వృక్షజాతిని చెప్పజాలనట్లే ఆరంభమున ఈ విషమును గుర్తింపజాలమని ఆయన హెచ్చరించెను. తొలి గంటలలో నిశ్చయము కష్టమనుట నేటికిని సత్యమే.

ఇక వివాదాంశము. లూతాదంశమును శస్త్రముతో పెకలించి అగ్నితప్తమైన శలాకతో కాల్చవలెనని సుశ్రుతమున నుండుట నిజము. పల్లెలలో కాటు చోట కోయుట, వాత పెట్టుట శాస్త్రసమ్మతమని వాదించువారు ఈ భాగమునే ఆధారముగ చూపుదురు. కాని ఆ విధికి గల నియమములను వారు చదువరు. కర్త విధానజ్ఞుడై యుండవలెను; దంశము మర్మస్థానమున ఉండరాదు; రోగికి జ్వరాదులుండరాదు; వాపు స్వల్పమై యుండవలెను. అసాధ్యలూతల విషయమున చికిత్స చేయబూనినను దాహచ్ఛేదములు వర్జింపవలెనని అక్కడనే కలదు. అనగా రోగము తీవ్రమైన చోట కత్తిని, నిప్పును శాస్త్రమే నిషేధించినది. విధిని గ్రహించి నిషేధమును విడుచుట మీమాంసకులు మెచ్చు పద్ధతి కాదు. ఇచ్చట అది రోగికే చేటు.

ఇందుకు దృష్టాంతముగ అస్సాము రాష్ట్రపు సదియా ప్రాంతమున 2012 లో జరిగిన ఉదంతమును చెప్పవచ్చును. పెద్ద సాలెపురుగులు పలువురిని కరచినవనియు, ఇద్దరు మరణించిరనియు వార్తలు వెలువడి భయోత్పాతము కలిగినది. నాటువైద్యులు కాటు చోటులను బ్లేడుతో కోసి రక్తము తీసిరని కూడ ఆ వార్తలలో కలదు. శవపరీక్ష జరుగనందున మరణమునకు విషము కారణమో, చికిత్స కారణమో తేలలేదు. ఆ సందేహమే మనకు పాఠము.

ఆధునిక శాస్త్రము ప్రకారము ప్రపంచమున 50 వేలకు పైగా సాలెపురుగు జాతులు గలవు. దాదాపు అన్నిటికిని విషమున్నను, మనుష్యునకు ప్రమాదము కలిగింపగలవి మిక్కిలి కొద్ది. లాట్రోడెక్టస్ ప్రజాతి లూతల విషము నాడీకణములనుండి సంకేతద్రవ్యములను ఒక్కుమ్మడిగ విడుదల చేయించును. తత్ఫలితముగ కాటు నొప్పి క్రమముగ హెచ్చి, కండరములు పట్టుకొని, కడుపు బిగిసి, చెమటలు పోయును. ఈ బాధ సాధారణముగ ఒకటి నుండి మూడు దినములలో శమించును, మరణము అరుదు. లోక్సోసెలిస్ ప్రజాతి కాటు వలన చర్మము నల్లబడి కుళ్లవచ్చును. మన ప్రాంతమునకు పడమట నల్లమలలో చెట్టు తొర్రలందు నివసించు నీలివర్ణపు పెద్ద లూత యొకటి గలదు. 1899 లో పోకాక్ అను శాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన దానిని చూచి పీసిలోథీరియా మెటాలికా యని నామకరణము చేసెను. తిరిగి 2001 లో నంద్యాల, గిద్దలూరుల నడుమ అడవిలో అది కనుగొనబడినది. ఈ ప్రజాతి కాటు తీవ్రమైన కండరముల పట్లను కలిగింపగలదు. అయితే అది అడవి ప్రాణి. పత్తి చేనిలో దానిని శంకింప బనిలేదు.

కావున మన చేలలో అసలు ప్రమాదము సాలెపురుగు వలన కంటె, సాలెపురుగని పొరబడుట వలన అధికము. ఇట్టి పొరపాటులు ముఖ్యముగ అయిదు.

మొదటిది కట్లపాము. రాత్రివేళ నేలపై నిద్రించువారిని ఇది కరచును. నొప్పి గాని వాపు గాని దాదాపు ఉండదు. తెల్లవారునప్పటికి కడుపునొప్పి, రెప్పలు వాలుట, మ్రింగలేకపోవుట, ఊపిరి అందకపోవుట కలుగును. మిరప కోతకు దూరప్రాంతముల నుండి వచ్చి కల్లముల చెంత పాకలలో పండుకొను కూలీలకు ఈ భయము మెండు. రెండవది ఎఱ్ఱతేలు. చెమటలు, వాంతి, చేతులు కాళ్లు చల్లబడుట, గుండెదడ కనిపించినచో, విశేషించి బాలురకు, అది గుండెను దెబ్బతీయుచున్న సూచన. దీనికి ప్రజోసిన్ అను ఔషధము వైద్యుల చేత ఉపయోగింపబడుచున్నది. మూడవది పురుగుమందు. చేనికి మందు కొట్టినవారికి, కొట్టిన చేనిలో పనిచేసినవారికి చెమటలు, చొంగ కారుట, కంటిపాప సన్నగిల్లుట, కండరములు అదరుట కలిగినచో అది విషకీటకము పని కాక ఆర్గనోఫాస్ఫరస్ విషప్రభావమై యుండవచ్చును. వెంటనే బట్టలు విప్పించి, సబ్బునీటితో కడిగి ఆసుపత్రికి చేర్చవలెను. నాలుగవది స్క్రబ్ టైఫస్. పొదలలోని అతిసూక్ష్మమైన కీటకము కరచిన చోట నొప్పిలేని నల్లని పెచ్చు ఏర్పడి, జ్వరము వచ్చును. దానిని సాలెపురుగు కాటని ఉపేక్షించినచో ప్రాణహాని కలుగవచ్చును. సకాలమున డాక్సీసైక్లిన్ ఇచ్చిన తగ్గును. 2025 సంవత్సరాంతమున ఆంధ్రప్రదేశమున ఈ జ్వరము భయము గొల్పినది. అయిదవది చర్మవికారములు. వర్షకాలమున దీపమునకు మూగు ఒక చిన్న పురుగు మేనిపై నలిగినచో మరునాటికి చారవలె మంటతో పొక్కులు లేచును. దేహమున ఒక ప్రక్కనే వరుసగ లేచు పొక్కులు సర్పి. సుశ్రుతుడు చెప్పిన మూత్రాది మార్గములలో కొన్ని, ఇట్టి వికారములను చూచి చేసిన ఊహలై యుండవచ్చునని నా అభిప్రాయము.

చరకసంహిత చికిత్సాస్థానము ఇరువదిమూడవ అధ్యాయమున శంకావిషము చెప్పబడినది. చీకటిలో ఏదో కరచినదను భయము చేతనే జ్వరము, వాంతి, మూర్ఛ కలుగునట. దానికి సాంత్వనము, ధైర్యము చెప్పుట చికిత్స. కాని శంకావిషమని నిర్ణయించుట వైద్యుని పని, చుట్టుప్రక్కలవారిది కాదు. లక్షణము కనబడగానే భయమని త్రోసిపుచ్చుట కట్లపాము విషయమున మహాపరాధము.

వైద్యసహాయము దూరమైనప్పుడు చేయవలసిన క్రమమిది.

ముందుగ రోగిని చేనినుండి సురక్షిత స్థలమునకు చేర్చి కూర్చుండబెట్టవలెను లేక పరుండబెట్టవలెను. కరచినది పామై యుండవచ్చునను సందేహము ఏ మాత్రమున్నను నడువనీయక, కరచిన అవయవమును కదలకుండ బద్దతో నిలిపి, మోసికొని పోవలెను. చేతి గాజులు, ఉంగరములు, మెట్టెలు వాపు రాకమునుపే తీసివేయవలెను. సాలెపురుగే కరచినదని కంటితో చూచినచో ఆ చోటును సబ్బుతో, మంచినీటితో కడుగవలెను. మర్రి, మేడి, రావి, జువ్వి మున్నగు క్షీరివృక్షముల కషాయముతో సుశ్రుతుడు చెప్పిన పరిషేకము ప్రక్షాళనమే గాని ప్రతివిషము కాదు. శుభ్రమైన నీరు లభించిన చోట అది చాలును. చన్నీటిలో తడిపిన గుడ్డను, లేదా గుడ్డలో చుట్టిన మంచుగడ్డను పదేసి నిమిషములు ఉంచి తీయుచుండవలెను. నొప్పికి పెద్దలు 500 మిల్లీగ్రాముల పారాసిటమాల్ మాత్ర ఒకటి వేసికొనవచ్చును; కాలేయవ్యాధి గలవారు మాత్రము మానవలెను. పాముకాటు కాదని తేలువరకు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ తగవు. ఎఱ్ఱదనపు అంచున కలముతో గీత గీసి వేళ వ్రాసియుంచినచో వ్యాప్తిని కనుగొనుట సులభము. పురుగు చచ్చి పడియున్నచో సీసాలో వేసి వైద్యునకు చూపవచ్చును. దానిని వెదకుటకు పోరాదు.

చేయరానివి: కోయరాదు, నోట పీల్చరాదు, వాత పెట్టరాదు, త్రాటితో బిగించి కట్టరాదు. సున్నము, పొగాకు, కిరసనాయిలు, పసరులు పూయరాదు. సారాయి త్రాగింపరాదు. సాలెపురుగు కాటునకు బిగింపుకట్టు నొప్పిని పెంచునే గాని మేలు చేయదు.

కండరముల పట్లు, కడుపు బిగియుట, ఆగని వాంతులు, ఒళ్లంత చెమట, రెప్పలు వాలుట, మ్రింగుటకు గాని ఊపిరికి గాని కష్టము, మూత్రము నల్లబడుట, జ్వరము, గీత దాటి ఎఱ్ఱదనము వ్యాపించుట, నడుమ నల్లబడుట – వీనిలో ఏ ఒక్కటి కనబడినను వేచియుండక 108 వాహనమును పిలువవలెను. అది రానిచో ట్రాక్టరైనను, మోటారు సైకిలైనను చాలును. రోగిని నడుమ కూర్చుండబెట్టి వెనుక నొకరు పట్టుకొనవలెను. పసిబిడ్డలను, గర్భిణులను, వృద్ధులను లక్షణములు లేకున్నను చూపించుట మేలు. మన దేశపు బహుశక్తి సర్పవిష నిరోధకము నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషములకే గాని లూతావిషమునకు పనిచేయదు. కావున లూతాదంశమున లక్షణానుగుణ చికిత్సయే శరణ్యము. ధనుర్వాత నిరోధక సూది సంగతి వైద్యునడుగవలెను.

నివారణోపాయములు స్వల్పవ్యయములు: చేతికి తొడుగులు, కాళ్లకు బూట్లు, గోతములను, తలగుడ్డలను దులిపి వాడుట, మంచముపై దోమతెరతో శయనము, చీకటిలో దీపము. చేనిలో సాలెపురుగులను నిష్కారణముగ చంపరాదు. పైరును తినెడి పురుగులను అవి భక్షించును గనుక రైతునకు మిత్రములు.

అధ్యాపకులకు నా మనవి ఒక్కటే. మన కళాశాలల విద్యార్థులలో పెక్కుమంది ఈ చేల బిడ్డలే. కల్పస్థానమును గూర్చి వారికి చెప్పునపుడు దాహచ్ఛేదవిధితో పాటు దాని నిషేధమును కూడ చెప్పవలెను. ఆ నిషేధము తెలిసిన విద్యార్థి యొకడు ఇంటనున్నచో తల్లి చేతికి వాత పెట్టబోవు వానిని ఆపగలడు. కట్లపాము లక్షణమును గుర్తించి ఆమెను రాత్రికి రాత్రే ఆసుపత్రికి చేర్చగలడు.