గాలిచాటున సైకిళ్ల వరుస

తిరువళ్లూరు దాటి తిరుత్తణి వైపు తెల్లవారుజామున గుంపుగా సైకిళ్లు తొక్కేవాళ్లకు కనకమ్మ సత్రం దాకా దారి దాదాపు చదునే. ఒకరి వెనక ఒకరు, చక్రానికీ చక్రానికీ మధ్య మూరెడు ఎడం. చూసేవాళ్ల గుండె గుభేలుమంటుంది. అంత దగ్గరగా తొక్కడం గాలిని తప్పించుకోవడానికి.

గంటకు 30 కిలోమీటర్ల వేగంలో తొక్కేవాడి శ్రమలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే పోతుంది. వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు, దాన్ని నెట్టే సామర్థ్యం ఎనిమిదింతలు కావాలి. ముందువాడి చాటున దూరితే నిరోధం సుమారు మూడోవంతు తగ్గుతుంది. ఐండ్‌హోవెన్ విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం 2018లో 121 మంది గుంపును లెక్కగట్టింది. గుంపు లోపల బాగా వెనకున్నవాళ్ల మీద పడే నిరోధం, ఒంటరిగా తొక్కేవాడి మీద పడేదాంట్లో 5 నుంచి 10 శాతమేనని తేలింది.

ఈ లాభంతోపాటే చిక్కూ ఉంది. 30 వేగమంటే సెకనుకు ఎనిమిది మీటర్ల పైమాట. ముందువాడు గట్టిగా బ్రేకు వేస్తే, అది చూసి మన చెయ్యి కదిలేలోపే ఆ మూరెడు ఎడం హరించుకుపోతుంది. కంగారులో మనం ఇంకాస్త గట్టిగా బ్రేకు వేస్తాం, మన వెనకవాడు ఇంకాస్త. మొదటివాడు కొంచెం తగ్గితే పదోవాడు కాలు కింద పెట్టాల్సి వస్తుంది. కార్ల వరుసలోనూ ఇంతే: 2008లో ప్రచురించిన ఒక ప్రయోగంలో జపాన్ శాస్త్రవేత్తలు 230 మీటర్ల గుండ్రటి బాటలో 22 కార్లను ఒకే వేగంతో నడపమన్నారు. ఏ అడ్డంకీ లేకుండానే కాసేపటికి ట్రాఫిక్ జామ్ పుట్టి వెనక్కి పాకింది.

మరో ప్రమాదం చక్రం పక్కకు చక్రం చేరడం. హ్యాండిల్‌ను క్షణక్షణం అటూ ఇటూ సవరించుకోవడం వల్లే సైకిల్ నిలబడుతుంది. ఒరిగిన వైపే ముందు చక్రం తిప్పి, బరువు కిందికి చక్రాలను తెచ్చుకుంటాం. మన ముందు చక్రం ముందువాడి వెనక చక్రానికి పక్కనుంచి ఆనుకుంటే ఆ సవరణకు వీలుండదు. ముందువాడు చాలాసార్లు సాఫీగా వెళ్లిపోతాడు, మనం పడతాం. తిరుత్తణి సుబ్రహ్మణ్యస్వామి కొండరోడ్డు ఎక్కేటప్పుడు సీటు మీంచి ఒక్కసారిగా లేచినా ఇదే ముప్పు: లేచినవాడి సైకిల్ క్షణంపాటు వెనక్కి జరిగినట్టవుతుంది.

అందుకే వరుసలో బరువైన బాధ్యత ముందున్నవాడిదేనని నా నమ్మకం. గుంతను చేత్తో ముందే చూపించాలి, పెడల్ ఆపకూడదు, నెమ్మదించాలంటే నోటితో చెప్పాలి. వెనకున్నవాళ్లు ఎదుటి చక్రాన్నే కాక, ముందువాడి భుజం మీదుగా దూరంగా చూడాలి. ఈసారి మీ వంతు వచ్చి ముందుకు వెళ్లినప్పుడు హుషారుగా వేగం పెంచకండి. అప్పటిదాకా గాలికి ఎదురొడ్డి అలసిపోయినవాడు ఇప్పుడు మీ వరుస చివరన ఉన్నాడు.