మీకు తెలుసా? బోర్లా పడే బుజ్జాయికి హెల్మెట్

పసిపాప తల ఒకవైపు చదునైతే కొందరు డాక్టర్లు ప్రత్యేక హెల్మెట్ సూచిస్తారు. పైన ప్లాస్టిక్ చిప్ప, లోపల మెత్తటి ఫోమ్. రోజుకు దాదాపు 23 గంటలు తలమీదే ఉంటుంది. అది తలను ఒత్తి సరిచేయదు. ఉబ్బెత్తుగా ఉన్నచోట ఆనుకుని, చదునైనచోట కాస్త ఖాళీ వదులుతుంది. పెరిగే తల ఆ ఖాళీలోకి నిండుతుంది.

మరి బోర్లా పడటం, పాకడం? హెల్మెట్‌తోనే చేస్తారు పిల్లలు. అసలు అడ్డంకి వేరే: మెడ ఒకవైపే బిగుసుకుపోవడం, ఎప్పుడూ వెల్లకిలానే ఉంచడం.

నెదర్లాండ్స్‌లో 84 మంది శిశువులపై చేసిన పరిశోధన 2014లో వెలువడింది. రెండేళ్లు నిండేసరికి హెల్మెట్ పెట్టినవారికీ పెట్టనివారికీ తల ఆకారంలో చెప్పుకోదగ్గ తేడా లేదు! అప్పుచేసి హెల్మెట్ కొనాలనుకునే తల్లిదండ్రులు ఈ మాట తప్పక వినాలి.

కామారెడ్డిలోనైనా ఎల్లారెడ్డిలోనైనా బిడ్డకు నీళ్లుపోసే అవ్వలు తల గుండ్రంగా రావాలని అరచేతులతో ఒత్తుతుంటారు. ప్రేమతోనే, కానీ వద్దు. ఆవాల దిండూ వద్దు. నిద్రపుచ్చేటప్పుడు వెల్లకిలా, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్లెదుటే చాపమీద బోర్లా. ఎప్పుడూ ఒకేవైపు చూస్తుంటే గిలక్కాయను రెండోవైపు ఆడించండి. ఆశా కార్యకర్త 3, 6, 9 నెలలకు ఇంటికొస్తుంది. మెడ నిలుపుతోందా, బోర్లా పడుతోందా అన్నది ఆమెకు చూపించండి. తలమీద గట్టి గీతలా గట్టు తగిలితే మాత్రం ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.