పల్టీల విమానానికి ఇంజను ఎంపిక ఎలా?

బావికి మోటారు కొనదలచిన రైతు ముందుగా దుకాణానికి పోడు. బావి లోతు చూస్తాడు. నీళ్లు ఎంత ఎత్తుకు ఎక్కాలో లెక్క కడతాడు. మూడు హెచ్.పి.నా, ఐదు హెచ్.పి.నా అన్న మాట ఆ తర్వాతే వస్తుంది. గాలిలో పల్టీలు కొట్టే చిన్న విమానానికి ఇంజను ఎంచుకోవడం కూడా ఇలాంటి పనే. ఈ లెక్క తెలియక, పెద్ద ఇంజను పెడితే బాగా ఎగురుతుందనుకుని డబ్బు పోగొట్టుకున్న ఔత్సాహికులు ఎందరో ఉన్నారు.

నేల మీద నిలబడి, చేతిలోని రేడియో పెట్టెతో నడిపే ఈ విమానాలు పిల్లల ఆటవస్తువులు కావు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు మోడల్ విమానాల తయారీ, వాటిని ఎగరేయడం శిక్షణలో భాగం. అఖిల భారత వాయుసైనిక్ శిబిరంలో వీటిపై పోటీ కూడా జరుగుతుంది. అలా మక్కువ పుట్టి సొంతంగా విమానం కట్టుకోవాలనుకునే పల్లె కుర్రవాళ్లకు మొదట ఎదురయ్యే చిక్కు ఇంజను దగ్గరే.

నిట్టనిలువుగా ఎక్కాలి

మామూలు మోడల్ విమానాన్ని రెక్కలే మోస్తాయి. ఇంజను దాన్ని ముందుకు లాగితే చాలు. విన్యాసాల విమానం సంగతి వేరు. అది ముక్కు పైకెత్తి తాడిచెట్టులా నిలువుగా ఎక్కాలి. అప్పుడు రెక్కల సాయం ఉండదు, బరువంతా ఇంజను మీదే పడుతుంది. రెండున్నర కిలోల విమానం ఆగకుండా నిలువుగా ఎక్కాలంటే ఇంజను లాగుడు రెండున్నర కిలోలకు మించి ఉండాలి.

ఈ లాగుడును ఇంటి దగ్గరే కొలవవచ్చు. కూరగాయలు తూచే స్ప్రింగు కాటాను గట్టి గుంజకు కట్టి, దాని కొక్కేనికి విమానం తోకను తాడుతో తగిలించి, వెనుక నిలబడి ఇంజనును పూర్తి వేగంతో తిప్పాలి. కాటా చూపే బరువే లాగుడు. అది విమానం బరువు కన్నా తక్కువైతే నిలువు ఎక్కుడు సగంలోనే ఆగిపోతుంది.

అలాగని మరీ పెద్ద ఇంజను పెట్టినా చేటే. ముక్కు బరువెక్కుతుంది. దాన్ని సరిచేయడానికి తోకలో సీసం పెట్టాలి. మొత్తం బరువు పెరిగి విమానం వేగంగా దిగుతుంది. గతుకుల నేల మీద చక్రాలు విరుగుతాయి.

ఆముదంతో తిరిగే ఇంజను

ఎక్కువ మంది మొదలుపెట్టేది గ్లో ఇంజనుతో. మీటరున్నర రెక్కలు, రెండున్నర కిలోల బరువు ఉన్న విమానానికి రెండు స్ట్రోకుల 7.5 సి.సి. ఇంజను పెట్టడం రివాజు. దుకాణాల్లో దీన్ని 46 సైజు అంటారు. ఘనపు అంగుళంలో నూటికి 46 వంతులని దాని అర్థం. మఫ్లరుతో కలిపి సుమారు అర కిలో తూగుతుంది. నిమిషానికి పది, పన్నెండు వేల చుట్లు తిరుగుతుంది.

దీనికి పెట్రోలు పోయరు. మిథనాల్, నూనె, కొద్దిగా నైట్రోమీథేన్ కలిపిన ఇంధనం పోస్తారు. నూనె సాధారణంగా నూటికి 18 నుంచి 20 పాళ్లు ఉంటుంది. ఆ నూనెలో పేరున్నది మన ఆముదమే. ఒకప్పుడు మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల మెట్ట చేలలో విస్తారంగా పండిన ఆముదాలకు ఈ పనిలో గిరాకీ ఎందుకంటే, ఎంత వేడికీ ఆముదం తొందరగా పలచబడి జారిపోదు. మిథనాల్‌లో చక్కగా కలుస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ విమాన ఇంజన్లలోనూ ఆముదమే వాడారు. ఇప్పుడు కృత్రిమ నూనెలు వచ్చినా, ఇంజను వేడెక్కినప్పుడు కాపాడుతుందని కొంత ఆముదం కలిపేవారు ఉన్నారు. అయితే దీపంలో పోసే ఆముదం దీనికి పనికిరాదు. జిగురు తీసి శుద్ధి చేసినదే వాడాలి.

ఈ ఇంజనులోని ప్లగ్గుకు స్కూటరు ప్లగ్గు మాదిరి ప్రతిసారీ నిప్పురవ్వ అక్కరలేదు. లోపలి ప్లాటినం తీగను ఒకటిన్నర వోల్టుల బ్యాటరీతో ఎర్రబడేలా చేసి ఇంజను తిప్పితే అంటుకుంటుంది. ఆపై బ్యాటరీ తీసేసినా మిథనాల్ ఆవిరి తగిలి తీగ తనంతట తానే కణకణలాడుతూ ఉంటుంది.

నాలుగు స్ట్రోకులా, పెట్రోలా?

నాలుగు స్ట్రోకుల గ్లో ఇంజను నిదానంగా తిరిగి పెద్ద ప్రొపెల్లరును తిప్పుతుంది. చప్పుడు గంభీరంగా ఉంటుంది, ఇంధనం తక్కువ తాగుతుంది. కానీ ధర ఎక్కువ, వాల్వుల సందులు అప్పుడప్పుడు సరిచేయాలి. రెండు స్ట్రోకుల 46 సైజు చేసే పనికి నాలుగు స్ట్రోకుల్లో 70 సైజు, అంటే 11.5 సి.సి. ఇంజను కావాలి.

పెట్రోలు ఇంజను మన రైతులకు కొత్తది కాదు. వీపున తగిలించుకునే పవర్ స్ప్రేయరులో ఉన్నదీ ఈ జాతి ఇంజనే. పెట్రోలులో రెండు స్ట్రోకుల ఆయిల్ కలిపి పోస్తారు. ఇంధనం ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది, ఖర్చు తక్కువ. కానీ బరువు ఎక్కువ, అదురు ఎక్కువ. 20 సి.సి., అంతకు మించిన ఇంజన్లతో పెద్ద విమానాలకే ఇది గిట్టుబాటు. రెండున్నర కిలోల విమానానికి దీన్ని తగిలించడం మేకపిల్లకు నాగలి కట్టినట్టే.

బ్యాటరీ లెక్క

ఇప్పుడు చాలామంది కరెంటు మోటారు వైపు మొగ్గుతున్నారు. దీని లెక్క తేలిక. విన్యాసాలకు కిలో బరువుకు 330 వాట్ల చొప్పున కావాలని అనుభవజ్ఞుల అంచనా. రెండున్నర కిలోలకు 825 వాట్లు అవుతుంది. నాలుగు సెల్లుల లిథియం పాలిమర్ బ్యాటరీ 14.8 వోల్టులు ఇస్తుంది. దానితో 825 వాట్లు రావాలంటే సుమారు 56 ఆంపియర్లు లాగాలి. అదే ఆరు సెల్లుల 22.2 వోల్టుల బ్యాటరీ అయితే 37 ఆంపియర్లు చాలు. తీగలు, బ్యాటరీ వేడెక్కడం తగ్గుతుంది.

పొగ లేదు, జిడ్డు లేదు, గాలిలో ఇంజను ఆగిపోయే బెడద తక్కువ. కానీ ఆరు, ఎనిమిది నిమిషాలకే దించాలి. చేను గట్టున కరెంటు ఉండదు కనుక రెండు మూడు బ్యాటరీలు వెంట తీసుకుపోక తప్పదు. దెబ్బతిని ఉబ్బిన బ్యాటరీ నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. గడ్డివాము దగ్గర, గుడిసెలో, రాత్రి పడుకునే ముందు చార్జింగు పెట్టరాదు.

పోటీలు చెప్పిన పాఠం

అంతర్జాతీయ వైమానిక సమాఖ్య నడిపే ఎఫ్3ఎ విన్యాస పోటీల చరిత్ర కూడా ఇదే చెబుతుంది. 1977లో ఆస్ట్రియా దేశస్థుడు హన్నో ప్రెట్నర్ ప్రపంచ విజేత అయిన కాలంలో 10 సి.సి. రెండు స్ట్రోకుల ఇంజన్లదే రాజ్యం. విమానాలు దూసుకుపోయేవి. తర్వాత నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు 20 సి.సి. దాకా అనుమతి వచ్చింది. క్రమంగా ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఒకే వేగంతో నిదానంగా ఎగరేయడం మేలైన పద్ధతి అయింది. నేడు ఆ పోటీల్లో కరెంటు మోటార్లదే పైచేయి. విమానం ఐదు కిలోలకు, పొడవు వెడల్పులు రెండేసి మీటర్లకు మించకూడదన్న నిబంధన ఉంది. ఆ కొద్ది బరువులో మంచి లాగుడు రాబట్టినవారే ముందుంటున్నారు.

టాంకీ, ప్రొపెల్లరు ముఖ్యం

మంచి ఇంజను కొన్నా టాంకీ సరిగా పెట్టకపోతే వృథా. టాంకీ మధ్యభాగం కార్బురేటరు జెట్టుకు ఇంచుమించు సమాన ఎత్తులో ఉండాలి. లేకుంటే విమానం తలకిందులైనప్పుడు ఇంధనం హెచ్చుతగ్గులై ఇంజను ఆగుతుంది. ఎగరేసే ముందు ఒకరు విమానాన్ని గట్టిగా పట్టుకుని ముక్కు పైకెత్తి చూడాలి. చప్పుడు నీరసిస్తే సూది వాల్వు కొంచెం వదులు చేయాలి.

ప్రొపెల్లరు ట్రాక్టరు గేరు లాంటిది. వెడల్పు ఎక్కువగా, మెలిక తక్కువగా ఉన్నది లో గేరులా బరువు లాగుతుంది. మెలిక ఎక్కువైతే వేగం వస్తుంది, నిలువు ఎక్కుడు తగ్గుతుంది. 46 సైజుకు 11 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మెలిక ఉన్నదానితో మొదలుపెట్టవచ్చు.

ప్రాణాలు జాగ్రత్త

మిథనాల్ విషం. కల్తీ సారా తాగి చూపు పోయినవారి గురించి అందరూ విన్నదే, అక్కడ చంపేదీ ఇదే. దాన్ని మంచినీళ్ల సీసాలో, సారా సీసాలో పోసి ఇంట్లో పెట్టరాదు. అది మండినా పట్టపగలు మంట దాదాపు కనిపించదు. గాలిలోని తేమను పీల్చుకుంటుంది కనుక వానాకాలంలో డబ్బా మూత బిగించి ఉంచాలి.

తిరిగే ప్రొపెల్లరు వేళ్లను తెగగొడుతుంది. చేతితో తిప్పకుండా కర్రతో గాని స్టార్టరుతో గాని తిప్పాలి. సూది వాల్వును వెనుక నిలబడే సరిచేయాలి. చూసేవారిని ప్రొపెల్లరుకు ఎదురుగా గాని, పక్కగా గాని నిలబడనీయకూడదు. కూలీలు పనిచేసే చేల మీద, కరెంటు తీగల దగ్గర, విమానాశ్రయాల సమీపంలో ఎగరేయరాదు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం ఎక్కడ ఎగరేయవచ్చో ముందే తెలుసుకోవాలి.

మొదటిసారి చేతిలోకి రేడియో పెట్టె తీసుకున్నవాడు విన్యాసాల విమానం జోలికి పోరాదు. శిక్షణ విమానంతో నేర్చుకుని, అదే 46 సైజు ఇంజనును తర్వాత విన్యాసాల విమానానికి మార్చుకుంటే రెండోసారి ఖర్చు తప్పుతుంది. ఇంజనుతో పాటు రెండు ప్రొపెల్లర్లు, రెండు గ్లో ప్లగ్గులు అదనంగా కొని పెట్టుకోవాలి. మొదటి ఆదివారమే అవసరం పడేవి అవే.